గరిక్కి దుప్పటి కప్పే ఊరు

చెప్తే నవ్వుతారేమో గానీ, చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ ఉమ్మడి శత్రువు ఎవరయ్యా అంటే గరిక. చంద్రగిరి దగ్గర మాకో రెండెకరాల మెట్ట చేను ఉంది. చెనక్కాయలు వేసేవాళ్ళం. ఎండాకాలం సెలవులు వచ్చాయంటే నా ఈడు పిల్లలు కోట దగ్గర క్రికెట్ ఆడుకుంటుంటే, నేను దున్నిన చేలో వంగి గరిక వేళ్ళు ఏరి గంపకెత్తేవాణ్ణి. గట్టు మీద పోసి, కరకరలాడేదాకా ఎండబెట్టి, మా నాయన వాటికి నిప్పు పెట్టేవాడు. అయినా సరే, తొలి వాన పడిన వారానికల్లా చేను మధ్యలో పచ్చగా తల ఎత్తేది. "దీనికి చావు రాసిపెట్టలేదురా" అనేవాడు నాయన, కోపంగానూ, కొంచెం గౌరవంగానూ.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ప్రాజెక్టు పని మీద నేను ఇప్పుడు అమెరికాలో షార్లెట్‌లో ఉంటున్నాను. మా అపార్ట్‌మెంట్ వెనకాల ఒక గోల్ఫ్ కోర్సు ఉంది. నాకు గోల్ఫ్ రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కంచె పక్కన నడక దారి ఉంది కాబట్టి రోజూ ఆ వైపు వెళ్తుంటాను, అంతే. పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం చూస్తే, నలుగురైదుగురు మనుషులు ఒక గ్రీన్ మీద పెద్ద నల్ల గుడ్డ లాంటిది పరిచి, అంచుల వెంబడి మేకులు దిగ్గొడుతున్నారు. పెళ్ళికి షామియానా వేస్తున్నారేమో అనుకున్నా. కంచె దగ్గరకొచ్చిన ఒకాయన్ని అడిగితే, "రాత్రికి బాగా చలి పెడుతుందట, గడ్డి చచ్చిపోతుంది, అందుకే కప్పుతున్నాం" అన్నాడు. ఏం గడ్డి అని అడిగా. బెర్ముడా అన్నాడు.

ఇంటికొచ్చి వెతికితే తేలిందేమంటే, బెర్ముడా గడ్డి శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. అంటే మన గరిక! వినాయక చవితి నాడు దూర్వాయుగ్మం అని రెండేసి పోచలు పెట్టి పూజ చేస్తామే, అదే. మా నాయన ఇరవై ఏళ్ళు చంపలేకపోయిన దాన్ని, ఇక్కడ జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి, దుప్పట్లు కప్పి, బతికించుకోలేక అవస్థ పడుతున్నారు. ఇదెలా సాధ్యం? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు నెలలు శని, ఆదివారాలు చదివాను. ఆ చదివిందే ఈ టపా. కాస్త పొడుగ్గా ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందుగా పేర్ల గొడవ తీర్చేద్దాం. బెర్ముడా అన్నారు గానీ ఈ గడ్డి పుట్టిల్లు బెర్ముడా దీవి కాదు. ఆఫ్రికా నుంచి మన దేశం దాకా పాత ప్రపంచమంతా దీనిదే. 1753లో లిన్నేయస్ దీన్ని పానికమ్ డాక్టిలాన్ అన్నాడు. పువ్వు చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటుంది కదా, 'డాక్టిలాన్' అంటే వేలు. 1805లో పెర్సూన్ అనే ఆయన దాన్ని సైనోడాన్‌లోకి మార్చాడు, అంటే కుక్కపన్ను. కలకత్తాలో జడ్జీగా చేసిన విలియం జోన్స్ 1790ల్లో మన మొక్కల మీద రాస్తూ, భూతద్దం కింద గరిక పువ్వు చూసి మురిసిపోయాడు. మనమేమో రోజూ తొక్కుకుంటూ పోయేదే గానీ ఒక్కసారీ వంగి చూడలేదు.

ఇంగ్లీషు వాళ్ళు ఎలాగూ వచ్చారు కాబట్టి మా ఊరి ముచ్చట ఒకటి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ మనిషి మద్రాసు దగ్గర ఒక ఇసుక తీరాన్ని సంపాదించాడు. ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ నాయకుడి పై రాజు చంద్రగిరి గద్దె మీదున్న విజయనగర రాయలు. తరవాత 1645లో మూడో శ్రీరంగరాయలు ఆ హక్కుల్ని మళ్ళీ ఖాయం చేశాడు. అంటే మా ఊరి కోట రాజులు ఒప్పుకున్న ఆ కాస్త ఇసుక నేల మీదే ఫోర్ట్ సెయింట్ జార్జ్ లేచింది. కంపెనీ వెనకాల దొరలు, దొరల వెనకాల వాళ్ళ ఆటలూ దిగాయి. 1829లో కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు, బ్రిటిష్ దీవుల బయట అన్నిటికన్నా పాతది అదే. 1876లో బెంగుళూరులో ఇంకొకటి. మద్రాసులో జింఖానా క్లబ్బు వాళ్ళ గోల్ఫ్ మైదానం గిండీ గుర్రప్పందేల మైదానం లోపల ఉండేది.

ఇక్కడ దొరలకి ఒక చిక్కొచ్చి పడింది. వాళ్ళ దేశంలో గ్రీన్ల మీద పెరిగే సన్న గడ్డి మన ఎండకి మాడిపోతుంది. మన ఎండకి ఆగేది గరిక. నీళ్ళున్న చోట గరికనే కత్తిరించి గ్రీన్ చేసుకున్నారు. నీళ్ళు లేని చోట ఇసుకలో నూనె కలిపి చదును చేసి, దాని మీదే ఆడారు. వాటిని గ్రీన్లు అనలేరు కాబట్టి 'బ్రౌన్లు' అన్నారు :)

గోల్ఫ్ తెలియని నాలాంటి వాళ్ళ కోసం ఒక్క మాట. గ్రీన్ అంటే మైదానం మొత్తం కాదు. చివర్లో చిన్న గుంత, దాని చుట్టూ తివాచీలాగా ఉండే చోటు మాత్రమే. బంతి అక్కడ ఎగరకూడదు, దొర్లాలి. దొర్లాలంటే గడ్డి చాలా పొట్టిగా ఉండాలి. ఎంత పొట్టిగా అంటే, ఇవాళ్టి మంచి బెర్ముడా గ్రీన్ మీద మూడు మిల్లీమీటర్ల కొంచెం పైన. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తు. మొక్కకి ఆకంటే వంటిల్లు, అక్కడే దాని తిండి తయారయ్యేది. మనం ఆ వంటింటిని రోజూ కోసేస్తూ, మళ్ళీ పచ్చగా ఉండమంటున్నాం. మిగతా కథంతా ఇందులోంచే పుడుతుంది.

మొదట్లో ఇంత ఆరాటం లేదు. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని 1860ల నడిమి నుంచి 1903 దాకా చూసుకున్నది ఓల్డ్ టామ్ మారిస్. ఇవాళ్టి గడ్డి ఇంజనీర్లందరికీ ఆయనే పెద్ద తాత. గ్రీన్ల మీద పల్చగా ఇసుక చల్లడం ఆయన ప్రసిద్ధి చేసిన పద్ధతే. ఇసుక నేలని గుల్లగా ఉంచుతుంది, నీళ్ళు నిలవనీదు, మొక్క మొదలుని కప్పి కాపాడుతుంది. ఆయన నమ్మిన ఇంకో సూత్రం విశ్రాంతి. ఆదివారం మైదానం మూసెయ్యాల్సిందే. ఆటగాళ్ళకి విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకి కావాలని ఆయన వాదన. అప్పట్లో ఒక వారం మైదానాన్ని ఒక దిక్కున ఆడితే, మరుసటి వారం వెనక్కి తిప్పి ఆడేవారు, తొక్కిడి ఒకే చోట పడకుండా. చలికాలంలో ఫెయిర్‌వే మీద చిన్న చాప ముక్క వేసుకుని దాని మీంచే బంతి కొట్టే పద్ధతి కూడా ఆ మైదానంలో ఏళ్ళ తరబడి నడిచింది. చలిలో గడ్డి తిరిగి పెరగదు, అప్పుడు తగిలిన దెబ్బ వసంతం దాకా మానదు అని వాళ్ళకి అనుభవం మీద తెలుసు.

అమెరికా వెళ్ళేసరికి ఈ తీరిక పోయింది. ఒకే దేశంలో ఉత్తరాన నాలుగు నెలల మంచు, దక్షిణాన మన దగ్గరలాంటి ఎండ. ఉత్తరాన బెంట్ అనే చలిదేశపు గడ్డి. దక్షిణాన బెర్ముడా, అంటే మన గరిక బంధువులు. గరిక అక్కడికి 18వ శతాబ్దంలోనే ఓడల్లో చేరింది. జార్జియా పత్తి రైతులు దాన్ని తిట్టని తిట్టు లేదు. 'దెయ్యం గడ్డి' అన్నారు. ఇది చదివినప్పుడు మా నాయన ఒంటరివాడు కాడని నాకు ఎంత ఊరట కలిగిందో! ఎక్కడో అట్లాంటిక్ అవతల, వందల ఏళ్ళ కిందట, ఎవరో రైతు ఇలాగే వేళ్ళు ఏరి గట్టున పోసి తగలబెట్టి ఉంటాడు.

దక్షిణాది గోల్ఫ్ వాళ్ళు చాలాకాలం గడ్డి జోలికే పోలేదు. నేనుండే షార్లెట్ నుంచి రెండు గంటల దారిలో పైన్‌హర్స్ట్ అని ఊరుంది. అక్కడి రెండో నంబరు కోర్సు పేరు గోల్ఫ్ ఆడేవాళ్ళందరికీ తెలుసు. అంతటి కోర్సులో కూడా 1930ల నడిమి దాకా ఉన్నది ఇసుక గ్రీన్లే. మన బ్రౌన్లే అనుకోండి. 1936లో అక్కడ పెద్ద పోటీ పెట్టబోతూ గడ్డికి మార్చారు. అంతకు ముందే, 1920లో అమెరికా గోల్ఫ్ సంఘం 'గ్రీన్ సెక్షన్' అని ఒక విభాగం పెట్టింది. దాన్ని నడిపిన పైపర్, ఓక్లీ ఇద్దరూ వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు. పొలాల గడ్డి చూసే మనుషులు ఆటస్థలాల గడ్డికీ వైద్యులయ్యారు.

ఉత్తరాది బాధ వేరే. అక్కడ గడ్డిని చంపేది నేరుగా చలి ఒక్కటే కాదు. చలికాలంలో మంచు కప్పు నిజానికి మంచిది, కంబళిలా పనిచేస్తుంది. కాశ్మీరులో గుల్‌మార్గ్ గోల్ఫ్ మైదానం ఏటా ఆ కంబళి కిందే నిద్రపోతుంది. ప్రమాదం రెండు రకాలుగా వస్తుంది. మంచు కరిగి నీళ్ళు నిలిచి, మళ్ళీ గడ్డకట్టి గాజు పలకలా మారితే కింద మొక్కకి ఊపిరాడదు. మిషిగన్‌లో జేమ్స్ బియర్డ్ అనే ఆయన 1960ల్లో ఈ మంచు పలకల కింద గడ్డిని పెట్టి పరీక్షలు చేశాడు. బెంట్ గడ్డి నెలల తరబడి తట్టుకుంది. గ్రీన్లలో తనంతట తాను చొరబడే పోవా యాన్యువా అనే కలుపు గడ్డి మాత్రం చాలా ముందే చచ్చింది. 2014 వసంతంలో మంచు కరిగేసరికి మిషిగన్, టొరంటో వైపు చాలా గ్రీన్లు ఇలాగే ఎండుగడ్డిలా తేలాయి.

రెండో ప్రమాదం బూజు. మంచు కింద, చీకట్లో, తడిలో హాయిగా పెరిగే బూజులున్నాయి. వాటికి ఒకప్పుడు ఏం మందు వేసేవారో తెలుసా? పాదరసం. మన ఆయుర్వేదంలో రసకర్పూరం అంటామే, ఆ జాతి లవణాలు. శరదృతువు చివర్లో, మొదటి మంచు పడేలోపు గ్రీన్ల మీద చల్లేసేవారు. 1976లో అమెరికా ప్రభుత్వం పాదరసం మందుల్ని చాలామటుకు రద్దు చేసినప్పుడు కూడా, ఈ మంచు బూజుకి మినహాయింపు ఇచ్చారు. అది కూడా పూర్తిగా పోయేసరికి 1990లు వచ్చాయి. ఆ పాదరసం ఎక్కడికీ పోదు, నేలలోనే ఉంటుంది. ఆట కోసం ఎంత దూరం వెళ్ళారో చూడండి. ఓల్డ్ టామ్ ఆదివారం మూసేసినందుకు గొణిగిన వాళ్ళ మనవలు, మూసెయ్యకుండా ఉండటానికి విషం చల్లారు.

సరే, అసలు మన గరిక దగ్గరికి వద్దాం. 1936లో గ్లెన్ బర్టన్ అనే కుర్ర శాస్త్రవేత్త జార్జియాలోని టిఫ్టన్ అనే చిన్న ఊరి పరిశోధనా కేంద్రంలో చేరాడు. రైతులు దెయ్యం అని తిట్టిన గడ్డినే పట్టుకుని, దాన్ని పశువుల మేతగా మార్చాలని కూర్చున్నాడు. 1943లో 'కోస్టల్ బెర్ముడా' అనే మేత రకం విడుదల చేశాడు. తరవాత గోల్ఫ్ వాళ్ళు వెంటపడ్డారు. మన గరిక జాతిలోంచి సన్న ఆకు మొక్కని ఒకటి తీసుకుని, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన సైనోడాన్ ట్రాన్స్‌వాలెన్సిస్ అనే చిట్టి గడ్డితో కలిపాడు. అలా పుట్టిందే 1956లో వచ్చిన టిఫ్‌గ్రీన్. ఆ గరిక వైపు తల్లి మొక్క ఎక్కడిదో తెలుసా? ఈ షార్లెట్‌లోనే ఒక కంట్రీ క్లబ్బు గ్రీన్ మీద దొరికింది. నేను రోజూ నడిచే ఊరు!

టిఫ్‌గ్రీన్ కంచర గాడిద లాంటిది. పని బాగా చేస్తుంది, సంతానం ఉండదు. మొలకెత్తే గింజ కట్టదు. తీగ ముక్కలు నాటి పెంచుకోవలసిందే. అంటే ప్రపంచంలో ఎక్కడ టిఫ్‌గ్రీన్ ఉన్నా అదంతా ఒకే మొక్క, కాపీ పేస్టు. 1965లో ఇందులోంచే ఇంకా పొట్టిగా కోయగలిగే టిఫ్‌డ్వార్ఫ్ వచ్చింది. 1990ల్లో ఛాంపియన్, టిఫ్‌ఈగిల్, మినీవర్డీ అంటూ మరుగుజ్జులకే మరుగుజ్జులు వచ్చాయి. ప్రతి తరంలోనూ ఎత్తు తగ్గింది, బంతి వేగం పెరిగింది.

ఇక్కడ కాసేపు దారి తప్పుతాను, క్షమించాలి. ఈ బర్టన్‌గారి పేరు నాకు ఇంకో చోట కనబడి కుర్చీలోంచి లేచినంత పనయింది. ఆయన సజ్జల మీద కూడా పనిచేశాడు. టిఫ్ట్ 23ఏ అని, తన పుప్పొడితో తాను గింజ కట్టలేని ఒక సజ్జ వరస తయారు చేసి మన దేశానికి పంపాడు. దాన్ని తల్లిగా పెట్టి లూధియానాలో 1965లో హెచ్‌బీ-1 అనే మొదటి హైబ్రిడ్ సజ్జ విడుదల చేశారు. దిగుబడి విపరీతంగా పెరిగింది. అయితే ఆ తరవాత వచ్చిన హైబ్రిడ్లకి కూడా ఆ ఒక్క తల్లే. 1970ల మొదట్లో వెర్రికంకి తెగులు వచ్చేసరికి అందరికీ ఒకేసారి వచ్చింది. సజ్జ సంగటి తిని పెరిగిన మా తాతల తరానికి ఇది చిన్న విషయం కాదు. మన గరిక అటు వెళ్ళి ఆటబొమ్మ అయ్యింది, ఆ ఆటబొమ్మని చేసిన చేతుల్లోంచే మనకి అన్నం గింజ వచ్చింది, ఒక్క తల్లినే నమ్ముకుంటే ఏమవుతుందో పాఠం కూడా వచ్చింది. గ్రీన్ల మీద పరిచిన కాపీ పేస్టు గడ్డి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ సజ్జలే గుర్తొస్తాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మా చేలో చావని గరిక ఇక్కడ ఎందుకు చస్తుంది?

జవాబు నేల కింద ఉంది. మా చేలో గరిక్కి రెండు రకాల తీగలుంటాయి. ఒకటి నేల మీద పాకేది. రెండోది నేల లోపల, జానెడు లోతు దాకా, ఒక్కోసారి అంతకంటే లోతుకి పోయేది. ఆ లోపలి తీగలో పిండి పదార్థం దాచుకుంటుంది. అదే దాని బ్యాంకు ఖాతా. పైనంతా కాలిపోయినా, కోసినా, ఎండినా, కిందున్న ఖాతాలోంచి తీసి మళ్ళీ లేస్తుంది. నాగలి దాన్ని పది ముక్కలు చేస్తే పది మొక్కలవుతుంది. మా నాయన దాన్ని చంపాననుకున్నాడు గానీ, నిజానికి నాటాడు, పాపం.

మరుగుజ్జు గడ్డికి ఆ లోపలి తీగలు బాగా తక్కువ. ఉన్నదంతా పైపైనే, పరుపులా పేరుకుని ఉంటుంది. పైగా మూడు మిల్లీమీటర్ల ఆకుతో వండుకునేదెంత, దాచుకునేదెంత? నేల వేడి పది డిగ్రీల సెల్సియస్ కిందకి దిగితే బెర్ముడా గడ్డి గోధుమ రంగుకి తిరిగి నిద్రపోతుంది. నిద్ర ప్రమాదం కాదు. నిద్రలో ఖాతా ఖాళీగా ఉండి, పైనుంచి గట్టి చలిగాలి తగిలితేనే ప్రమాదం. లోతుగా దాక్కున్నవి తప్పించుకుంటాయి, పైపైన ఉన్నవి గడ్డకట్టి చస్తాయి. చచ్చిన సంగతి కూడా వెంటనే తెలియదు. నిద్రపోతున్నదీ చచ్చిందీ ఒకే రంగులో ఉంటాయి. ఏప్రిల్ వచ్చి పక్కవన్నీ పచ్చబడ్డాక గానీ బయటపడదు.

అందుకే పనంతా శరదృతువులోనే జరగాలి. షార్లెట్ వైపు మామూలుగా చేసేది ఇది. ఆగస్టు చివరికో సెప్టెంబరు మొదటికో నేలకి చిల్లులు పొడిచే పని, గడ్డిని నిలువుగా చీల్చే పని ఆపేస్తారు. ఆ గాయాలు మానడానికి వెచ్చటి రోజులు మిగలాలి కదా. పగలు పొట్టిగా అయ్యేకొద్దీ కోత ఎత్తు కొంచెం పెంచుతారు. పెంచేది మిల్లీమీటరులో భాగమే, కానీ ఆ కాస్త ఆకే ఖాతాలో డబ్బు వేసేది. నత్రజని తగ్గిస్తారు, ఎందుకంటే చలికి ముందు లేత చిగురు పెడితే అదే ముందు చస్తుంది. నేల పరీక్ష చేయించి పొటాష్ తక్కువుంటే వేస్తారు. వసంతంలో గుండ్రటి మచ్చలుగా బయటపడే ఒక తెగులుంది, దానికి మందు శరత్తులోనే వెయ్యాలి. గ్రీన్‌కి తూర్పు, దక్షిణం వైపున్న చెట్ల కొమ్మలు కొట్టేస్తారు. చలికాలపు పొద్దుటెండ పడని చోటే ముందు చచ్చేది. నీళ్ళు నిలిచే పల్లాలు సరిచేస్తారు, గాలికి ఎండిపోయే మెరకల మీద ఓ కన్నేసి ఉంచుతారు.

పూర్వం అక్టోబరులో రై గడ్డి విత్తనాలు పైన చల్లేవారు, చలికాలమంతా పచ్చగా కనబడటానికి. అందానికి బాగానే ఉండేది గానీ, వసంతంలో ఆ రై పోనంటుంది, కింద నిద్రలేస్తున్న బెర్ముడాకి ఎండా, నీళ్ళూ దక్కనివ్వదు. ఇప్పుడు చాలా చోట్ల ఆ పని మానేసి పచ్చరంగు పిచికారీ చేసేస్తున్నారు. అవును, రంగే! మొక్కని నిద్రపోనిచ్చి, చూసేవాళ్ళ కళ్ళకి మాత్రం రంగు వేస్తున్నారు. నాకైతే ఈ రాజీ బాగా నచ్చింది.

ఇవన్నీ చేశాక ఆఖరి అస్త్రం దుప్పటి. రాత్రి ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్‌లో 25, అంటే సెల్సియస్‌లో సున్నాకి దిగువన నాలుగు డిగ్రీలు, అంతకంటే దిగుతుందని వార్త వస్తే కప్పాలని చాలామంది పాటించే లెక్క. పద్దెనిమిది గ్రీన్లకీ కప్పాలి, మర్నాడు ఎండొస్తే మళ్ళీ తియ్యాలి, ఎందుకంటే ఆడేవాళ్ళు వస్తారు. కప్పు కంటే ఆ కూలి ఖర్చే బరువట. కప్పు ఎంత చలికి అవసరం, ఇంకా కిందకి దిగేదాకా ఆగొచ్చా అని ఆర్కాన్సా యూనివర్సిటీ వాళ్ళు ప్రయోగాలు కూడా చేశారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయి డల్లాస్ స్నేహితులంతా ఇళ్ళలో వణికిన వారం గుర్తుందా? ఆ వారంలో ఆ చుట్టుపక్కల బెర్ముడా కూడా చాలా పోయింది.

మరి ఇంత బాధ ఉంటే చలి ప్రాంతంలో బెర్ముడా ఎందుకు పెట్టాలి, బెంట్ పెట్టుకోవచ్చు కదా అంటారా? నేనూ అదే అనుకున్నా. షార్లెట్ సరిగ్గా రెండు ప్రాంతాల సరిహద్దులో ఉంది. బెంట్ పెడితే జులై, ఆగస్టు ఎండల్లో చస్తుంది. దానికి ఫ్యాన్లు పెట్టి, గంటకోసారి నీళ్ళు చిలకరిస్తూ కూర్చోవాలి. బెర్ముడా పెడితే జనవరిలో భయం. వేసవిలో వంద రోజులు కాపలా కాయడం కంటే చలికాలంలో కొన్ని రాత్రులు దుప్పటి కప్పడమే నయమని ఈ ప్రాంతంలో చాలామంది మారిపోయారు. పైన్‌హర్స్ట్ రెండో నంబరు కూడా 2014లో బెంట్ తీసేసి ఛాంపియన్ బెర్ముడా వేసింది. 2024 యూఎస్ ఓపెన్ ఆ గడ్డి మీదే ఆడారు. ఒకప్పుడు దెయ్యం గడ్డి, ఇప్పుడు ప్రపంచమంతా టీవీలో చూసే తివాచీ.

నేను పనిచేసేది బ్యాంకింగ్ ప్రాజెక్టులో. మాకు నవంబరు నడిమి నుంచి జనవరి దాకా కోడ్ ఫ్రీజ్ ఉంటుంది. ప్రొడక్షన్‌లో ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు. ఏటా ఫ్రీజ్‌కి ముందు వారం మాత్రం నరకం. "ఇదొక్కటీ తోసేద్దాం, తరవాత ఎలాగూ ఖాళీయే కదా" అని మేనేజర్లు, సరే అని మేము. చిల్లులు పొడిచిన గాయాలు మానకుండానే చలిలోకి వెళ్తాం. డిసెంబరులో ఏదో ఒక రాత్రి ఫోను మోగుతుంది. అప్పుడు దుప్పట్లు పట్టుకుని పరిగెత్తేది కూడా మేమే. గడ్డి వాళ్ళకి తెలిసి మనకి తెలియందేమిటంటే, ఫ్రీజ్ మొదలయ్యే తేదీ కంటే దానికి ముందు ఎన్ని వారాలు మెల్లగా నడిచామన్నదే లెక్క. నిద్రపోయే ముందు తిననివ్వాలి. ఓల్డ్ టామ్ ఆదివారం తాళం వేసి చేసిన పనినే, ఇవాళ పొటాష్‌తో, రంగుతో, గుడ్డతో, ఇంత ఖర్చుతో చేస్తున్నారు. అసలు మూడు మిల్లీమీటర్లే కావాలని పట్టుబట్టకపోతే ఇందులో సగం అక్కర్లేదు. గరికని చంపుతున్నది చలి అంటాం గానీ, చలి వచ్చేసరికి దాని చేతిలో ఏమీ మిగల్చనిది మనమే.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళాను. చంద్రగిరిలో చలంటే దుప్పటి కప్పుకుంటే చాలు, గడ్డి చచ్చేంత ఎప్పుడూ రాదు. మాకు శరత్తు తరవాత వచ్చే గండం వాన. ఈశాన్య రుతుపవనం. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతీ, చుట్టుపక్కల ఊళ్ళూ ఎలా మునిగాయో అందరూ చూశారు. మా చేలో కూడా రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. చెనక్కాయలు కుళ్ళిపోయాయి. ఆ తరవాత నాయన ఆ చేనులో ఏమీ వెయ్యలేదు. మోకాళ్ళ నొప్పులు, కూలీలు దొరకరు, నేనేమో ఇక్కడ. చుట్టూ రాళ్ళు పాతి ప్లాట్లు వేస్తున్నారు, మాదీ అడుగుతున్నారు. ఆ మాట తేల్చడానికే నేను వెళ్ళింది, నిజం చెప్పాలంటే.

సాయంత్రం ఇద్దరం చేను దాకా నడిచాం. ఈ చివర నుంచి ఆ చివర దాకా గరిక. వరదకి చావలేదు, తరవాత వచ్చిన ఎండలకి చావలేదు. నాలుగు ఆవులు మేస్తున్నాయి. ఎవరివని అడిగితే, "ఊళ్ళో వాళ్ళవి, మేసుకోనీలే" అన్నాడు. నేను ఫోను తీసి షార్లెట్‌లో గ్రీన్ మీద దుప్పటి కప్పిన ఫోటో చూపించాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"గరిక్కి దుప్పటి కప్పతారా?"

"అవును నాయనా. లేకపోతే చచ్చిపోతుంది."

చాలాసేపు నవ్వాడు. తరవాత కాలితో ఒక దుబ్బు మీద తొక్కి, "ఇరవై ఏండ్లు దీన్ని ఊరికే తిడితినే. నేను ఈ నేలని వదిలిపెట్టినాక దీన్ని పట్టుకోని ఉండేది ఇదొక్కటే కదరా. ఇది లేకుంటే ఆ వానకి మట్టంతా ఏట్లోకి పోయుండు" అన్నాడు.

ప్లాట్ల సంగతి ఆ రోజు ఇద్దరం ఎత్తలేదు. ఇంకో ఏడాది చూద్దామని తరవాత ఫోన్లో చెప్పాను. సరేనన్నాడు. పెట్టేసే ముందు మాత్రం, "ఆ దుప్పటోళ్ళకి మన చేనులోది ఓ గంపెడు పంపిద్దామా? దానికి దుప్పటి అక్కర్లేదని చెప్పు" అన్నాడు.